కరియ నోటి బుట్ట

పిల్లప్ప తన నల్లకుక్కను ఆకలికి మాడుస్తున్నాడనీ, జనం దానికి తెచ్చే నూనె రొట్టెలు తానే తిని పొట్ట పెంచుతున్నాడనీ మా నగర్తపేట గల్లీలో ఒక మాట పుట్టింది. పాలబూత్ దగ్గర పుట్టి, పూలంగడి దాటి, మా ఇంటి మెట్లెక్కేసరికి దానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. కుక్క చస్తే ఆ చోట ఇంకో రెండు కుట్టుమిషన్లు పెట్టుకోవాలని చూస్తున్నాడట. అతని అంగడి సరిగ్గా నా కిటికీ కిందే ఉంది. జరిగినదంతా కళ్లారా చూసినదాన్ని నేను. ఈ మాటలో కొంత నిజం, చాలా అబద్ధం ఉన్నాయి. ఏది ఏదో తెలుసుకోకుండా గల్లీ అంతా కలిసి ఒక మనిషిని నమిలేస్తుంటే చూస్తూ కూర్చోలేక ఇది రాస్తున్నాను.

పిల్లప్ప కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. తాతల నాడు హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. వయసు అరవై దాటింది. మిషన్ తెచ్చినవాళ్లను ఏం గుడ్డ కుడతారని ఒక్క ప్రశ్న అడుగుతాడు, మళ్లీ మిషన్ అప్పగించేటప్పుడే నోరు తెరుస్తాడు. భార్య జయమ్మ పోయాక బాడుగ ఇల్లు వదిలేసి అంగడి వెనక భాగంలోనే మంచం వేసుకున్నాడు. ఆ అంగడి షట్టరు ఎప్పుడో లారీ తగిలి వంకరపోయింది. కిందికి ఎంత లాగినా నేలకు జానెడు ఎత్తులో నిలిచిపోతుంది. బాగుచేయించుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆ సందులోంచి కరియకు గాలి రావాలట.

కరియ అంటే కన్నడంలో నల్లోడు. జయమ్మ బతికున్నప్పుడు వానకు తడిసి షట్టరు కింద దూరిన కుక్కపిల్ల అది. ఒళ్లంతా వెతికినా ఒక్క తెల్ల వెంట్రుక కనిపించదు, గోళ్లు కూడా నలుపే. దాని కష్టాలన్నీ ఆ నలుపుతోనే మొదలయ్యాయి. శని పీడ ఉన్నవాళ్లు శనివారం నల్లకుక్కకు నువ్వులనూనె పూసిన రొట్టె పెట్టాలని మాలో ఒక నమ్మకం. కుక్క తింటే పీడ కుక్కతో పోతుంది. ఆ రొట్టె మనిషి తింటే మాత్రం పీడ ఆ మనిషిని పట్టుకుంటుందంటారు. అందుకే ఎంత ఆకలేసినా దాన్ని ఎవరూ ముట్టరు. మచ్చలేని నల్లకుక్క పేటలో దొరకడం కష్టం కాబట్టి జ్యోతిష్యం చెప్పేవాళ్లు అందరినీ కరియ దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. చిక్కపేట బట్టల వ్యాపారులు కూడా స్కూటర్లేసుకుని వచ్చేవాళ్లు. రొట్టె, రొట్టె మీద బెల్లం, అది చాలదన్నట్టు జిలేబీ, బన్ను, పెరుగన్నం.

పిల్లప్ప ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. కానీ పిల్లప్ప కరియ అని నాలుగు పేటల్లో పేరు మోగడం అతనికి ఇష్టమే. శనివారం పూట ఇస్త్రీ చొక్కా వేసుకుని గడప దగ్గర నిలబడేవాడు. కుక్క మాత్రం నెలనెలా పీపాలా ఊరింది. మా గల్లీ చివర బెల్లం మండి పెట్టుకున్న చిక్కమునియప్ప అయితే, "ఏమప్పా పిల్లప్పా, మీ కరియకు శని పట్టలా, శనివారం పట్టింది," అనేవాడు. అందరం నవ్వేవాళ్లం.

ఉగాది దాటిన కొన్నాళ్లకు ఆ నవ్వు ఆగింది. ఒక మధ్యాహ్నం కరియ అంగడి మెట్టు మీది నుంచి కిందికి దూకి, అరిచిన అరుపుకు నా చేతిలో చేట జారిపోయింది. వెనక కుడికాలు పైకెత్తి అలాగే వణుకుతూ నిలబడింది. నలుగురం పట్టి ఆటోలో వేశాం. ఆ ఆటోలో నేనూ ఎక్కాను. ఎందుకెక్కావని ఎవరూ అడగలేదు, నేను ఎక్కకపోతేనే అడిగేవాళ్లు.

డాక్టరమ్మ కాలు మడిచి చూసి, మోకాలి కీలు లోపల నరం తెగిందంది. ఆపరేషన్ చెయ్యాలి. కానీ ముప్పై ఎనిమిది కిలోలున్న ఈ ఒంటికి మత్తుమందు ఇస్తే గుండె, ఊపిరి తట్టుకోవని భయపడింది. ముందు ఆరు కిలోలు తగ్గాలి. అలాగని ఏళ్లూ పూళ్లూ ఆగడానికీ లేదు. బరువంతా రెండో కాలి మీద పడుతోంది కాబట్టి వానలు వెనకబట్టేలోగా ఆపరేషన్ కాకపోతే ఆ కాలి నరమూ తెగుతుంది. అప్పుడు ఇక కుక్క లేవదు. లేవలేని కుక్కను బాధ లేకుండా పంపించే సూది ఉంటుందని కూడా నెమ్మదిగా చెప్పింది. పిల్లప్ప గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ విన్నాడు.

అక్కడే అతను ఒక పొరపాటు చేశాడు. తగ్గాలి అన్నారు కదా అని తిండి మొత్తం ఆపేశాడు. మనం ఒంట్లో బాగాలేకపోతే లంఖణం ఉండమా, అదీ అతని లెక్క. రెండు రోజులు గంజినీళ్లు తప్ప ఇంకేమీ పెట్టలేదు. మూడో రోజు పొద్దున కరియ పసుపుపచ్చగా కక్కుకుని తల కూడా ఎత్తకుండా పడి ఉంది. గల్లీలో మాడుస్తున్నాడన్న మాట పుట్టింది ఆ రోజే. మళ్లీ ఆటో, మళ్లీ నేను. డాక్టరమ్మ అతన్ని చీల్చి చెండాడింది. ఏళ్ల తరబడి ఎక్కిన లావు రెండు రోజుల్లో దిగదు, దిగకూడదు. కడుపు మాడిస్తే కొవ్వు కంటే ముందు కండ కరుగుతుంది, అప్పుడు ఉన్న మూడు కాళ్లూ నిలబడవు. పక్షానికి ఒక కిలో చాలు, అంతకు మించి వద్దు. తోలు తీసిన కోడిమాంసం, ఉడికిన సొరకాయ, బీన్సు, గుప్పెడు అన్నం, కొలిచి రెండు పూటలు పెట్టాలి. బెల్టు పట్టుకుని మెల్లగా కాస్త నడక. ఇక ఎవరో ముద్దుకు ఒక బిస్కెట్టు వేసినా అది కూడా దాని ఒంటికి చేరుతుందని మరీ మరీ చెప్పింది.

అప్పటి నుంచి పిల్లప్ప జయమ్మ కాఫీపొడి కొలిచే స్టీలు గ్లాసుతో కుక్క తిండి కొలిచాడు. పక్షానికోసారి చిక్కమునియప్ప మండిలో బెల్లం తూచే కాటా మీద కరియను నిలబెట్టేవాడు. అంతా బాగానే ఉంది, శనివారం ఒక్కటి తప్ప. ఎంత చెప్పినా జనం ఆగలేదు. పిల్లప్ప లోపల కట్టేస్తే షట్టరు సందులోంచి విసిరారు. దాంతో అతను ఊపిరి ఆడే తీగల బుట్ట ఒకటి తెచ్చి కరియ నోటికి తగిలించాడు.

ఆ మొదటి శనివారం గిరీష్ వచ్చాడు. స్విచ్చులూ వైర్లూ హోల్‌సేలుగా అమ్మే మనిషి, ఏడాదిగా వ్యాపారం దెబ్బతిని ఒక్క వారం తప్పకుండా రొట్టె తెచ్చేవాడు. బుట్ట చూసి అతని ముఖం నల్లబడింది.

"ఏమప్పా ఇది? దేవుని నోటికి బుట్ట కట్టినావా?"

"కుక్క నోటికే కట్టినా సామీ," అన్నాడు పిల్లప్ప. "వాసన చూపించి పో. తినిపించొద్దు."

"వాసన చూపిస్తే శని పోతాదా? నీ మిషన్లకు నూనె వాసన చూపించి పంపిస్తావా?"

చుట్టూ చేరిన జనంలో కొందరు నవ్వారు. ఆ నవ్వుకు బలం వచ్చి గిరీష్ వంగి బుట్ట పట్టీ లాగబోయాడు. పిల్లప్ప మధ్యలో చెయ్యి పెట్టాడు. రొట్టె కింద పడింది. ఆ వాసనకు కరియ ఒక్కసారిగా ముందుకు దూకి, దెబ్బతిన్న కాలు నేలకు ఆనగానే అరుస్తూ పక్కకు కూలింది. నవ్వినవాళ్లు నోళ్లు మూశారు గానీ ఎవరూ పిల్లప్ప పక్క నిలబడలేదు. వెళ్తూ వెళ్తూ గిరీష్ గల్లీ అంతా వినేటట్టు ఒక మాట అన్నాడు: నల్లకుక్క నోరు కట్టిన అంగడి ముందు నుంచి పోతే ఎవరి పీడ వాళ్లకే తిరిగి తగులుతుందని. ఆ వారం నుంచి అంగడికి మిషన్లు రావడం తగ్గింది. ఇచ్చినవాళ్లు కూడా కొందరు బాగుకాకముందే వెనక్కి తీసుకుపోయారు.

మొదటి రెండు తూకాల్లో కరియ కిలో, కిలో దిగింది. మూడోసారి కాటా ముల్లు పైకి పోయింది. చిక్కమునియప్ప కుక్కను దింపి, కాటా సరిచూసి, మళ్లీ ఎక్కించాడు. మళ్లీ అంతే. అంగడికి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, మీరే పెడుతున్నారా, ఇంకెవరైనా పెడుతున్నారా తేల్చుకోండి, ఇంకోసారి పెరిగితే ఆపరేషన్ మాట మర్చిపోండి అంది. అప్పటికే కరియ ఎడమ మోకాలు కూడా కాస్త వాచింది. పిల్లప్ప ఫోన్ జేబులో పెట్టుకుని తలెత్తి నా కిటికీ వైపు చూశాడు. ఏమీ అడగలేదు. నా మీదే అనుమానమేమో, అడగకపోవడమే నాకు ఎక్కువ మండింది. ఆ దొంగ ఎవరో పట్టుకునేదాకా నాకు అన్నం సయించదనుకున్నాను.

పట్టుకోవడానికి పెద్ద కష్టం కాలేదు. తెల్లవారుజామున పిల్లప్ప షట్టరు దించి మూల హోటలుకు కాఫీకి పోతాడు. ఆ కాసేపు కుక్క నీళ్లు తాగాలని బుట్ట తీసి వెళ్తాడు. ఆ మర్నాడే, అతను మలుపు తిరగగానే కొంగు తల మీదికి కప్పుకుని ఒక ఆడమనిషి వచ్చి సందు దగ్గర కూర్చుంది. చెయ్యి లోపలికి పెట్టింది. చెయ్యి బయటికి వచ్చేసరికి ఖాళీ. ఆమె లేచి వెళ్తుంటే ముఖం చూశాను. భారతి.

భారతి మా వెనక సందులో ఉంటుంది, చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఆమె మొగుడు చేతన్ వైరింగు పని చేస్తూ నిచ్చెన మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్లు తెరుస్తున్నాడు గానీ మనిషిని పోల్చడం లేదు. నేను ఆ రోజే ఆమె ఇంటికి వెళ్లాను, కడిగేద్దామనే వెళ్లాను. ఆమె బుకాయించలేదు.

"బుట్ట కట్టిన దినమే ఆయనకు జరం ఎక్కిందక్కా," అంది. "శనివారం ఒకటీ చాలదని ఈ పది దినాలుగా దినామూ పెడతాండా. కరియ ముక్కు నా చేతికి తగిల్తే ఆ దినానికి ఆయన ఉండాడని నాకు ధైర్యం. మీరు వద్దంటే మానేస్తా. ఆయనకు ఏమన్నా అయితే మాత్రం మీరు నాకు కనపడొద్దండి."

ఎవరికైనా సమాధానం చెప్పే నోరు నాది. ఆ రోజు కాఫీ తాగి వచ్చేశాను.

వచ్చి పిల్లప్పకు చెప్పాను. అతను ఒక మిషన్ విప్పి ముందు పరుచుకున్నాడు. భారతి పేరు వినగానే చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది. చేతన్ సంగతి, జ్వరం సంగతి, ముక్కు సంగతి అన్నీ చెప్పాను. ఆమెను పిలిచి మాట్లాడు, లేదంటే ఆ సందుకు చెక్కపలక అడ్డం పెట్టు, అటు మనిషి ఇటు కుక్క, ఏదో ఒకటి తేల్చుకో అన్నాను.

"ఎవరికీ చెప్పొద్దక్కా," అన్నాడు. అంతే. మళ్లీ పనిలో పడ్డాడు.

మర్నాడు కిటికీ దగ్గర కాపు కాశాను. భారతి వచ్చింది, చెయ్యి లోపలికి పోయింది, ఖాళీగా తిరిగి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. పిల్లప్ప కాఫీకి పోవడం కూడా మానేశాడు, పోయినట్టే షట్టరు దించి లోపలే ఉంటున్నాడు. లోపలే ఉండి కూడా ఆపలేదంటే ఏమనుకోవాలి? ఈ మనిషి కుక్కను వదిలేసుకున్నాడని నేనే అనుకున్నాను. కోపం పట్టలేక కొన్నాళ్లు అతనితో మాట్లాడలేదు. తూకం రోజు మాత్రం మండికి వెళ్లకుండా ఉండలేకపోయాను.

ముల్లు దిగింది. చిక్కమునియప్ప నా వైపు చూశాడు, నేను పిల్లప్ప వైపు చూశాను. పిల్లప్ప కరియ గొలుసు సర్దుతున్నాడు. తర్వాతి పక్షానికి ఇంకో కిలో. భారతి రొట్టె పెడుతూనే ఉంది, కుక్క తగ్గుతూనే ఉంది. కుక్క గిన్నె తగ్గించాడేమో, మళ్లీ మాడుస్తున్నాడేమో అని అతను లేనప్పుడు వెళ్లి చూశాను. గ్లాసు అదే, కొలత అదే. పైగా కరియ మెట్టు కూడా తానే ఎక్కుతోంది. ఊహించి ఊహించి నా బుర్ర వేడెక్కింది గానీ ముడి వీడలేదు.

శ్రావణంలో డాక్టరమ్మ రోజు ఖాయం చేసింది. ముందు రోజు రాత్రి నుంచి కుక్క నోట్లో ఏమీ పడకూడదని గట్టిగా చెప్పింది. కడుపులో తిండి ఉండగా మత్తు ఇస్తే, అది కక్కి, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుందట.

ఆ తెల్లవారుజామున ఆటో వచ్చిందేమోనని కిటికీ తీశాను. కింద భారతి కూర్చుని ఉంది. ఆమెకు చెప్పాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. నేను కేక వేసేలోపే ఆమె చెయ్యి సందులోకి పోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను. మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టూ కొండలా ఉంది. నేను గల్లీలోకి వచ్చేసరికి భారతి మలుపు తిరిగిపోయింది. రెండు చేతులతో షట్టరు పట్టి పైకి ఎత్తాను.

సందు పక్కనే నేల మీద కరియ పడుకుని ఉంది. నోటికి బుట్ట ఉంది, తీగల్లోంచి ముక్కు కొస మాత్రం సందు వైపు బయటికి ఉంది. దాని పక్కన గోడకు ఆనుకుని పిల్లప్ప కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం రొట్టె, గడ్డం మీద నువ్వులనూనె, నోటినిండా మిగతా సగం. నన్ను చూసి చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాడు. భారతి వినగలిగినంత దూరంలో ఉందని అతని భయం. తర్వాత మెల్లగా నమిలి మింగి, మిగిలిన సగం కూడా తిని, చెంబులో నీళ్లు తాగి, ఆటో వచ్చిందా అని అడిగాడు. ఎదురుగా పాల క్యాన్లు దించుతున్న మనిషి ఇదంతా చూశాడు. మీరు విన్న మాటకు రొట్టె వచ్చి చేరింది అక్కడి నుంచే.

ఈ సంగతి బయటపెడితే భారతి ఏమైపోవాలి అని మీరు అడగవచ్చు. చేతన్ ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఇలా రాయబోతున్నానని ముందు ఆమెకే చెప్పాను. సూదిలోకి దారం ఎక్కించింది. తర్వాత, రాయక్కా అంది.

ఆసుపత్రి బెంచీ మీద ఆ పొద్దంతా ఇద్దరం కూర్చున్నాం. లోపలికి తీసుకుపోయేటప్పుడు కరియ వెనక్కి తిరిగి తిరిగి చూసింది. తలుపు మూశారు. పిల్లప్ప బుట్టను ఒళ్లో పెట్టుకుని దాని పట్టీ బిగిస్తూ, వదులు చేస్తూ ఉన్నాడు. పక్కన ఎవరో పిల్లిని తెచ్చుకున్నారు, అది అరిచినప్పుడల్లా ఇతను తలుపు వైపు చూశాడు. లోపలి నుంచి నర్సు పరుగున వచ్చి ఏదో మందు తీసుకుని మళ్లీ పరుగున పోయింది. ఏమైందని అడిగే ధైర్యం నాకే లేకపోయింది, ఇక అతనికేం ఉంటుంది.

చివరికి డాక్టరమ్మ టోపీ తీస్తూ బయటికి వచ్చింది. మధ్యలో ఒకసారి ఊపిరి మందగించిందనీ, పాత బరువే ఉండుంటే వెనక్కి తెచ్చేవాళ్లం కాదనీ చెప్పింది. కళ్లు తెరిచింది, తోక కూడా కదిలించింది, కాసేపాగి చూడండి అని లోపలికి పోయింది.

పిల్లప్ప పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరికి పొట్ట మీది చొక్కా బొత్తాం ఒకటి తెగి బెంచీ కింద పడింది. అతను దాన్ని వెతకడానికి వంగి, వంగలేక మళ్లీ నిటారుగా కూర్చున్నాడు. అప్పుడు చూశాను ఆ పొట్ట. కుక్క ఒంటి నుంచి దిగిందంతా ఇక్కడికే వచ్చినట్టుంది.

"ఆ రొట్టె పారేసి ఉండొచ్చు కదప్పా," అన్నాను.

"ఆమె మొక్కు రొట్టెను మోరీలో ఎట్ల వేసేదక్కా. ఎవరో ఒకరు తినాల కదా."

పొద్దుటి నుంచి నోటిదాకా వచ్చి ఆగిన మాట అప్పుడు అడిగేశాను. "తిన్నోళ్లను పట్టుకుంటాది అంటారే. ఇన్ని దినాలు తిన్నావు. శని నిన్ను పడితే ఏం చేస్తావప్పా?"

పిల్లప్ప బుట్టను పక్కన పెట్టి, తెగిన బొత్తాం చోట చొక్కాను చేత్తో దగ్గరికి లాక్కున్నాడు.

"పట్టనీలే అక్కా. నాకు మత్తుమందు ఇయ్యాల్సిన పని లేదు గదా."